చిన్నమ్మ కుట్టిన బొంత

మొన్న మా కోడలు బీరువా సర్దుతూ పాత చీరలు, పిల్లల లాగులు, రంగు వెలిసిన లుంగీలు ఒక పెద్ద సంచిలో కుక్కి, "ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేద్దాం అత్తమ్మా, ఇంట్లో చోటు లేదు" అంది. సరేనన్నాను. ఆమె అటు పోగానే సంచి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీశాను. ఈ చీర మెత్తటి నూలు, పై పొరకు పనికొస్తుంది. ఈ లుంగీ గట్టిది, అడుగున వేయాలి. ఈ జరీ ఒళ్ళు గీరుతుంది, అంచుకు తప్ప వద్దు. చూస్తుండగానే నా చేతులు గుడ్డలన్నీ మూడు కుప్పలు చేసేశాయి. కోడలు తిరిగొచ్చి "ఏం చేస్తున్నారు?" అని అడిగింది. గుడ్డల్ని అట్లా కుప్పలు చేయడం నాకు నేర్పిన మనిషి గురించి చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మా ఇల్లు ఆదోనిలో కోట కొండ కింద. మట్టి మిద్దె, ముందర చిన్న బండల వాకిలి. మా వాళ్ళది మగ్గాల కులం. నూలు దొరకని రోజులు వచ్చి మా నాయన మగ్గం గుంట పూడ్చేసి పత్తి మిల్లులో పనికి చేరాడు. పత్తి కాలం వచ్చిందంటే మా వీధికి మూడే మూడు వాసనలు. పత్తి గింజల జిడ్డు వాసన, ఎద్దుల పేడ వాసన, మిల్లు గొట్టం పొగ. బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. గాలికి దూది లేచొచ్చి కంప చెట్లకు, కోడి రెక్కలకు, ఆరేసిన బట్టలకు అంటుకునేది. సాయంత్రం నాయన ఇంటికొస్తే తలా కనుబొమలూ తెల్లగా ఉండేవి. అమ్మ ఆయన్ను గడప దగ్గరే ఆపి కొంగుతో దులుపుతూ, "ముసలోడొచ్చినాడు సూడు పాపా" అని నవ్వేది.

ఆ అమ్మ ఒక వానాకాలం జ్వరంతో పోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆమె వస్తువుల్లో మిగిలింది ఒక పచ్చ రంగు రేకుపెట్టె. దాంట్లో ఆమె చీరలు. అవి అంగట్లో కొన్నవి కాదు. ఎమ్మిగనూరులో మా తాత నేసినవి. మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, నూలుకు గంజి పెట్టి, పడుగు దారాలు సాగదీసి ఆసు పోసి, పక్కన కూర్చుని నేయించినవి. నేను ఆ పెట్టెకు వీపు ఆనించి పడుకునేదాన్ని.

ఏడాది తిరిగినాక పెద్దవాళ్ళు నాయనకు మళ్ళీ పెళ్ళి చేశారు. వచ్చినామె దేవనకొండ పక్క పల్లె మనిషి. మా కులం వాళ్ళే అయినా మగ్గం ఎప్పుడో వదిలేసి సేద్యం చేసుకుంటున్న ఇల్లు. చిన్నది, నల్లటిది, గట్టి చేతులు. చేలల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసి మాట్లాడే అలవాటు ఇంట్లోకి వచ్చినా పోలేదు. ఉప్పు అందుకొమ్మని పక్కనున్న మనిషికి చెప్పినా వీధి చివర దాకా వినపడేది. మొదటిరోజు మిల్లు కూత విని, ఎక్కడో అగ్గి అంటుకుందనుకుని, పెనం మీద రొట్టె మాడుతుంటే వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. ఆమెను చిన్నమ్మ అని పిలవమన్నారు. నేను పిలవలేదు. అసలు మాట్లాడనే లేదు. ఆకలైతే కంచం ముందు కూర్చునేదాన్ని. దప్పికైతే కుండవైపు చూసేదాన్ని.

ఇంకొకరైతే విసుక్కునేవారు, లేకపోతే బుజ్జగించేవారు. చిన్నమ్మ రెండూ చేయలేదు. నా మాటలు కూడా తానే మాట్లాడేది.

"ఇంగో రొట్టె కావల్నా పాపా?" అని తన గొంతుతో అడిగి, వెంటనే సన్నటి గొంతుతో "కావల్ల సిన్నమ్మా, పుంటికూర కూడా ఎయ్యి" అని తానే చెప్పి, "అట్లయితే తిను" అని వడ్డించేది. నాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయేవాడు. నాకూ నవ్వొచ్చేది గానీ రొట్టె నోట్లో కుక్కుకునేదాన్ని. ఆమె జొన్నరొట్టె తడుతుంటే వచ్చే చప్పుడు, కట్టెల పొగ, ఉల్లిగడ్డ కారంలో పచ్చి శెనగనూనె వాసన, ఇవి ఇప్పుడు తలుచుకున్నా ఆకలవుతుంది.

పెట్టె సంగతి ఆమే ఎత్తింది. నేను దానికి ఆనుకుని పడుకుని ఉంటే వచ్చి పక్కన చతికిలబడింది.

"దాంట్లో మీ యమ్మ సీరలుండాయని నాకు ఎరికే. నాకు నా సీరలుండాయి. దాని మీద నా సెయ్యి పడదు. నువ్వు రొంత దూరంగా పండుకో. రేకు సల్లగా ఉంటాది, జలుబు సేస్తాది."

అంతే. నేను జరగలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

కార్తీకం దాటిన తర్వాత మా వైపు చలి పొడిగా ఉండి కొరుకుతుంది. మా ఇంట్లో ఉన్నది ఒకే నల్ల గొంగళి. కప్పుకుంటే కంపలో పడుకున్నట్టు గుచ్చుకునేది. చిన్నమ్మ పొద్దున్నే పొయ్యి ముందు చేతులు కాపుకుంటూ నాయనతో గొడవపడింది.

"మా వూర్లో ఎంత లేనోళ్ళ ఇంట్లో అయినా బొంతలుంటాయి. ఈ టౌను మనుషులు ఎట్ల బతుకుతాండారప్పా? నేను బొంత కుడ్తా."

"గుడ్డలు యాడివి?" అని నాయన ఊరికే ఇంట్లోకి ఒక చూపు చూశాడు. ఆ చూపు పెట్టె మీదికి పోయింది. నేను లేచి పోయి పెట్టెకు అడ్డంగా కూర్చున్నాను.

"అటు సూడాకు," అంది చిన్నమ్మ. "గుడ్డలు నేను తెస్తా."

మా వీధి మలుపులో ఒక దర్జీ సాయిబు అంగడి ఉండేది. అంగడి అంటే ఇంటి అరుగే. అరుగు మీద మిషను, ఆయన, ఆయన తెల్ల గడ్డం. అందరం దర్జీ తాత అనేవాళ్ళం. కత్తిరించగా మిగిలిన పీలికలు మిషను కింద గోనెసంచిలో పడేసేవాడు. చిన్నమ్మ పోయి ఆ సంచి అడిగింది. "దిండ్లలోకి పోతాయమ్మా అవి" అన్నాడు తాత. అంతలో లోపల నుంచి ఆయన భార్య మూలుగు వినపడింది. ఆమెకు మోకాళ్ళు వాచి పొయ్యి ముందు కూర్చోలేని స్థితి. చిన్నమ్మ నేరుగా లోపలికి పోయి, పిండి ఎక్కడుందో అడిగి తెలుసుకుని, రొట్టెలు తట్టి పేర్చి వచ్చింది. మర్నాడూ పోయింది. ఆ వారం చివర తాత సంచి తెచ్చి తానే మా వాకిట్లో కుమ్మరించాడు.

"తీస్కోమ్మా. మా ఇంటామె రొట్టె తిని నవ్వి శానా దినాలయింది. నిన్న నవ్వింది."

ఆ కుప్ప చూసి నేను మాట్లాడకూడదన్న సంగతి దాదాపు మర్చిపోయాను. అన్ని రంగులు ఒకచోట నేను అంతకుముందు చూడలేదు. తాతకు ఏ ముక్క ఎవరిదో తెలుసు. ఖాకీది ఒక పోలీసాయనది. నిక్కరు కుట్టి ఇచ్చిన ప్రతిసారీ బిగుతయిందని వెనక్కి తెచ్చేవాడట. మెరిసే గులాబీ రంగు శాటిన్ నిఖా బట్టలది. కరుకు నల్లది ప్లీడరు కోటుది. ఎర్ర ముఖమల్ నాటకాలవాళ్ళ రాజు అంగీది. "రాజు కుట్టుకూలీ ఎగ్గొట్టి పోయినాడు బేటీ, గుడ్డ మాత్రం మిగిలింది" అని తాత గడ్డం నిమురుకున్నాడు.

అప్పటి నుంచి చిన్నమ్మ రొట్టెలకు పోతే నేనూ వెంట పోయేదాన్ని, మాట్లాడకుండానే. తాత చూడనప్పుడు మిషను చక్రం తిప్పేదాన్ని. గుర్తులు పెట్టే సుద్దముక్క నొక్కేసి వీధి గోడలన్నిటికీ మీసాలు గీశాను. ఒకసారి గులాబీ శాటిన్ ముక్క నా బొమ్మకు పైట అవుతుందని బుగ్గలో దాచుకున్నాను. తాత నా ముఖం చూసి, "ఏం బేటీ, పన్ను వాచిందా? కషాయం తాగిస్తా ఉండు" అన్నాడు. నేను పరుగో పరుగు.

బొంత కుట్టడం మొదలయింది. మధ్యాహ్నం వంటపని అయిపోయాక చిన్నమ్మ వాకిట్లో నాయన పాత పంచె పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. గుడ్డల్ని మూడు కుప్పలు చేసింది. గట్టివి అడుగుకు, చిన్నచిన్న పీలికలు నడుమ పొరకు, మెత్తవి పైకి. గోడ కట్టినట్టు ముక్క పక్కన ముక్క పేర్చింది, ఎక్కడా ఖాళీ లేకుండా, ఎక్కడా ముడత లేవకుండా. ఆ తర్వాత పొడుగాటి సూదితో అంచున మొదలుపెట్టి నాలుగు పక్కలా తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ రావాలి. ఎండ ఆమె వీపు మీద పడేది. పీలికల్లోని మిషను నూనె వాసనా, కొత్త గుడ్డ వాసనా ఎండకు లేచేవి. నేను గడప మీద కూర్చుని వేయించిన శెనక్కాయలు వలుచుకుంటూ చూసేదాన్ని.

ఆమె ఎప్పటిలాగే తనతో తానే మాట్లాడేది. ఒకరోజు ఆ మాటల్లోనే తన తల్లి సంగతి వచ్చింది.

"మా యమ్మ నా తమ్మున్ని కంటా పోయింది. పిల్లోడూ దక్కలేదు. నాకప్పుడు నీ అన్ని ఏండ్లుంటాయి. మా వదిన సాకింది. మంచిదే. అయినా మా యమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాదు పాపా. ఆమె కుట్టిన బొంత గుర్తుండాది గానీ ముఖం రాదు."

ఆ మాటలు ఆమె గట్టిగా చెప్పలేదు. ఆమె నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. తల వంచుకుని ఒక పచ్చ ముక్క తీసి ఖాకీ పక్కన పెట్టింది. నాకు అది ఎట్లాగో అనిపించింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆ పచ్చది ఆడ కాదు. ముఖమల్ పక్కన పెట్టు."

సూది ఆగింది. చిన్నమ్మ తల ఎత్తలేదు. ఎత్తితే నేను మళ్ళీ నోరు మూసుకుంటానని ఆమెకు భయమేమో. పచ్చ ముక్క తీసి ముఖమల్ పక్కన పెట్టి, "ఈడనా?" అంది.

"ఇంగా పక్కకు."

"ఇట్లనా?"

"ఊ."

ఆరోజు నుంచి పై పొర అంతా నేను చెప్పినట్టే పేర్చాం. ఆమె గొంతు మళ్ళీ వీధి చివర దాకా పోయింది.

బొంత మూడొంతులు అయి ఉంటుంది. నాయనకు మిల్లు సెలవు రోజు. వాకిట్లో మేం ముగ్గురం ఉన్నాం. వీధి మలుపులో మా అవ్వ కనపడింది. ఎమ్మిగనూరు బస్సు దిగి, చంకలో మూటతో, చెప్పుల్లేని కాళ్ళతో గబగబా వస్తోంది. అవ్వ పొడుగు మనిషి. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచేది కాదు. అందుకే అందరికీ ఆమె అంటే భయం. నేను పరిగెత్తి కాళ్ళకు చుట్టుకున్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది గానీ కళ్ళు బొంత మీదే ఉన్నాయి.

ఎమ్మిగనూరు సంతలో ఎవరో చెప్పారట, నీ అల్లుడి రెండో పెండ్లాం నీ బిడ్డ చీరలు కోసి బొంత కుడుతోందని.

"కూసోమ్మా, నీళ్ళు తాగు," అంది చిన్నమ్మ చేతిలో సూది అట్లాగే పట్టుకుని.

"నేను నీళ్ళకు రాలేదు. నా బిడ్డ సీర ఏ తావున కుట్టినావో సూపించు."

"అత్తా, నా మాట ఇను..." అని నాయన ఏదో చెప్పబోయాడు. అవ్వ అటు తిరిగి కూడా చూడలేదు. మూట కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, బొంత మీద చెయ్యి పెట్టి ఒక్కో ముక్కా తడుముతూ పోయింది. ఆమెకు కళ్ళతో పని లేదు. వేళ్ళకే తెలుస్తుంది ఏది మగ్గం గుడ్డో, ఏది మిల్లు గుడ్డో. "ఇది మిల్లుది. ఇది మిల్లుది. ఇదీ..." అంటూ మధ్యకు వచ్చి ఆగిపోయింది. అక్కడ ఒక ఎర్ర ముక్క. చేనేత. నేనే పెట్టమన్న చోట పెట్టింది, కానీ అది తాత సంచిలోనిది అనుకున్నాను.

"ఇదేంది?" అంది అవ్వ.

"అది నాది. నా పెండ్లి సీర."

"పెండ్లి సీర కోసినావా?"

"నడుమ మెత్తటి గుడ్డ తక్కువయింది. పాప పండుకుంటే ఆడే గదా ఒళ్ళు తగిలేది." చిన్నమ్మ గొంతు తగ్గలేదు. "మీ బిడ్డ సీర కోసేదానికి నాకు హక్కు లేదమ్మా. నాది నేను కోసుకుంటే అడిగేదానికి ఎవురుండారు?"

 చిన్నమ్మ సూది బొంతకు గుచ్చి లోపలికి పోయింది. రేకుపెట్టె రెండు చేతులా ఎత్తుకుని వచ్చి అవ్వ ముందు పెట్టింది. మూత తీసింది. చీరలన్నీ మడత చెదరకుండా ఉన్నాయి. మడతకు మడతకు నడుమ వేపాకు. ఎండిపోయి పొడైన పాత ఆకు కాదు. పచ్చగా ఉంది, నాలుగు రోజుల కిందట పెట్టినట్టు.

నాకు కోపమొచ్చింది. "నువ్వు ముట్టనంటివి గదా!"

"పురుగు కొడ్తాంటే సూస్తా ఊరుకుందునా? నువ్వు ఇస్కూలుకు పోయినప్పుడు మారుస్తాంటి" అంది చిన్నమ్మ, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలాగా.

అవ్వ ఒక వేపాకు తీసి వేళ్ళ మధ్య నలిపింది. వాసన చూసింది. పై చీర మీద ముఖం పెట్టి అట్లాగే ఉండిపోయింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుపు వినపడలేదు. చాలాసేపటికి లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిన్ను అనరాని మాటనడానికి వచ్చినా. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది, మంచిదయింది," అంది. "అయినా నేను వచ్చిన పని ఇంగోటుండాది. పాపను తీస్కపోతా. నా కండ్ల ముందర పెరగనీ."

నాయన ముఖం తెల్లబోయింది. చిన్నమ్మ బొంత వైపు చూసింది, నా వైపు చూసింది.

"పాప ఇష్టం," అంది. తన తల్లి సంగతి చెప్పిన రోజు కంటే కూడా చిన్న గొంతు అది.

ముగ్గురూ నన్ను చూశారు. నాకు అవ్వ ఇల్లు ఇష్టమే. మగ్గం చప్పుడు, గంజి వాసన, తాత మగ్గం కింద పడిన దారం కొసలతో ఆట. ఆలోచించాను. ఆ వయసులో ఆలోచన ఎంత దూరం పోతుంది? నా కళ్ళ ముందు ఉన్నంత దూరమే.

"నేను రాను. ఇంగా ఆ పక్క కుట్టల్ల," అన్నాను బొంత చూపిస్తూ. "సిన్నమ్మకు రంగులు పెట్టేది రాదు."

సిన్నమ్మ అన్న మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆ సంగతి నాకు తెలియలేదు. ఆమెకు తెలిసింది. చేతుల్లో ముఖం దాచుకుని లోపలికి పరిగెత్తింది. నాయన ఆమె వెంట పోబోయి, ఆగి, ఏం చేయాలో తోచక తల మీద లేని దూది దులుపుకున్నాడు. అవ్వ నన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత తన మూట విప్పింది. అందులో నా కోసం తెచ్చిన బొరుగుల ఉండలు, వాటి కింద మగ్గం మీద మిగిలిన దారం కొసలు చుట్టిన ఉండ. ఆ కొసల్ని తొడ మీద పెట్టి పేనుతూ లోపలికి కేకేసింది.

"ఏమ్మే, ఇంగో సూది ఉండాదా?"

అవ్వ ఆ రోజు పోలేదు. మర్నాడూ పోలేదు. ఒక పక్క ఆమె, ఇంకో పక్క చిన్నమ్మ, మధ్యలో నేను. అవ్వ కుట్టు నువ్వు గింజంత. చిన్నమ్మ కుట్టు వడ్ల గింజంత.

"గోనెసంచి కుట్టినట్ల కుట్టినావు గదే," అనేది అవ్వ.

"మాది సేద్యం సేసిన సెయ్యి అమ్మా. నీ మాదిరి కుడ్తే ఈ సలికి కాదు, వచ్చే సలికి అయితాది."

అవ్వ మూతి ముడిచేది, కానీ చిన్నమ్మ కుట్లు విప్పలేదు. వాటి నడుమ తన సన్నటి వరసలు వేసింది. ఆఖరి మూల మూసే ముందు చిన్నమ్మ పిడికెడు జొన్నలు తెచ్చి పొరల్లో పోసింది. బొంత కడుపు ఖాళీగా ఉండగూడదని వాళ్ళ ఊరి నమ్మకం. అవ్వ ఎగతాళి చేస్తుందనుకున్నాం. ఆమె తన మూటలోంచి రెండు బొరుగులు తీసి వేసింది.

ఆ రాత్రి బొంత కింద ముగ్గురు ఆడవాళ్ళం పడుకున్నాం. నాయనకు గొంగళి. ఎంత బరువుగా, ఎంత వెచ్చగా ఉందో! నా బొడ్డు మీద శాటిన్, చెంపకు ముఖమల్.

పోయేటప్పుడు అవ్వ రేకుపెట్టె తనతో తీసుకుపోతానంది. నేను ఏడ్చాను. "మళ్ళీ తెస్తాలే" అంది. బస్సు పోయాక నాయన, "ఆమెకు మన మీద నమ్మకం రాలేదు" అన్నాడు.  ఇంట్లో పెట్టె ఉన్న చోట చదరంగా మట్టి రంగు తేడాగా ఉండేది. చిన్నమ్మ కసువు ఊడ్చేటప్పుడు అక్కడికి వచ్చి ఆగి, చుట్టూ తిరిగి ఊడ్చేది.

ఎండాకాలం వచ్చేసరికి ఆమెకు కడుపుతో ఉన్న సంగతి తెలిసింది. అందరూ సంతోషపడ్డారు, ఆమె తప్ప. రోజురోజుకూ ఆమె గొంతు తగ్గిపోయింది. రొట్టె తడుతూ మధ్యలో ఆగిపోయేది. నాకు తెలుసు ఎందుకో. తన తల్లి కాన్పులో పోయిన సంగతి ఆమె నాకు తప్ప ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. కాన్పుకు పోవడానికి పుట్టింట్లో తల్లి లేదు. వదిన కాలు విరిగి మంచం మీద ఉంది. నెలలు నిండే వేళకు, బట్టలు అమ్ముకోవడానికి ఆదోనికి వచ్చిన ఎమ్మిగనూరు మనిషితో నాయన అవ్వకు ఆ మాట చెప్పి పంపాడు. రమ్మని అడగలేదు. అడిగే ముఖం లేదు. సంగతి చెప్పాడంతే.

అవ్వ రెండో రోజుకే వచ్చింది. పెట్టె లేదు, మూట ఉంది. చిన్నమ్మను చూసి, "ఏమే, నీ గొంతు యాడ పారేస్కున్నావు?" అంది. ఆ రాత్రంతా చిన్నమ్మ అవ్వ పక్కనే పడుకుని ఏదేదో చెప్పింది. మాటలు నాకు వినపడలేదు. "నేనుండాను గదా" అన్న అవ్వ మాట ఒక్కటే మళ్ళీ మళ్ళీ వినపడింది.

కాన్పు కష్టమయింది. నన్ను దర్జీ తాత ఇంటికి పంపించారు. తాత మిషను ఆపేసి, నాకు పనికిరాని గుండీలన్నీ ఇచ్చి దారానికి గుచ్చమన్నాడు. ఆయన భార్య లోపల మంచం మీద కూర్చుని దువా చదువుతూనే ఉంది. పొద్దు కొండ వెనక్కి పోయే వేళకు మా ఇంటి వైపు నుంచి ఒక అరుపు వినపడింది. ఎవరి గొంతో అడగక్కర్లేదు. వీధి చివర దాకా వినపడే గొంతు. "ఆడపిల్లంట! ఆడపిల్ల!" బిడ్డను కన్న మనిషే ఆ సంగతి ఊరికి చాటుతోంది. తాత గడ్డం తడిసిపోయింది.

నేను పోయేసరికి అవ్వ మూట విప్పుతోంది. మూటలో చిన్న బొంత. మూర వెడల్పు, రెండు మూరల పొడుగు. నీలం, పసుపుపచ్చ, వక్క రంగు, తెల్ల పూల అంచు. అన్నీ నాకు తెలిసిన రంగులే. చిన్నమ్మ దాన్ని చూసి లేవబోయింది.

"అమ్మా, ఇవి... ఏంటికి కోసినావమ్మా?"

"నేను నేయించినవి, నేను కోసినా. నన్ను అడిగేదానికి ఎవురుండారు?" అంది అవ్వ. తర్వాత మెల్లగా, "పెట్టెలో పెడ్తే యాపాకు తప్ప కప్పుకునేవాళ్ళు లేరు గదే. నా మనవరాలు కప్పుకోనీ" అంది.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. అంత నీరసంలో కూడా ఆమె మాట తప్పే మనిషి కాదు. "నీ కిష్టమేనా పాపా?" అని అడిగింది. నేను ఆ బొంత అందుకుని ముఖం పెట్టి చూశాను. అమ్మ వాసన కోసం వెతికాను. గంజి, వేపాకు, అవ్వ చేతి పసుపు. అంతే. అమ్మది పోయింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. చిన్నబిడ్డను దాని మీద పెట్టారు. అది కాళ్ళు ముడుచుకుని, అమ్మ నీలం చీర మీద, వెంటనే పాడు చేసేసింది. అవ్వ పగలబడి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అమ్మ పోయాక మళ్ళీ అప్పుడే.

ఆ తర్వాత ఇల్లు పిల్లలతో నిండింది. చిన్నమ్మ ఇంకా చాలా బొంతలు కుట్టింది. మొదటి బొంత మా అందరి ఒంటి మీదా తిరిగి, ఉతికి ఉతికి రంగులన్నీ ఒకటే బూడిద రంగయి, మిద్దె మీద మిరపకాయలు ఆరబోయడానికి పరిచి, ఆ తర్వాత ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. దర్జీ తాత అరుగు మీద కొన్నాళ్ళకు సైకిళ్ళ అంగడి వచ్చింది. మిల్లు గొట్టం ఉంది గానీ పొగ లేదని ఈమధ్య ఎవరో చెప్పారు.

ఎమ్మిగనూరులో మా తాత పోయి, మగ్గం ఆగినాక అవ్వ మా ఇంటికే వచ్చేసింది. అప్పటికి ఆమెకు చెవులు దాదాపు వినపడవు. కొడుకుల ఇండ్లలో ఎవరి మాటా వినపడక ముభావంగా కూర్చునేదట. మా ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. చిన్నమ్మ మామూలుగా మాట్లాడితే చాలు, అవ్వకు ప్రతి మాటా వినపడేది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని రోజంతా వాదించుకునేవాళ్ళు, కుట్ల గురించి, కూరలో కారం గురించి, నా పెళ్ళి సంబంధాల గురించి. చివరి రెండేళ్ళు అవ్వ మంచం దిగలేదు. తలకు నూనె పెట్టడం, ఒళ్ళు తుడవడం, ముద్దలు కలిపి పెట్టడం అంతా చిన్నమ్మే. తన తల్లికి చేయలేకపోయినవన్నీ చేసిందనుకుంటాను. 

అవ్వ పోయిన రోజు నేను అత్తగారింటి నుంచి వచ్చేసరికి వాకిలి నిండా జనం. చిన్నమ్మ అవ్వ కాళ్ళ మీద పడి ఏడుస్తోంది. ఆ గొంతు సంగతి తెలుసు కదా, కోట కొండ మారు పలికింది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక ముసలామె, మా చుట్టరికాలు తెలియనిది, నా పక్కన కూర్చుని ఉంది. చాలాసేపు చిన్నమ్మనే చూసి, నా చెవి దగ్గరికి వంగి, "పాపం, కన్నబిడ్డనా?" అని అడిగింది.

అవునన్నాను. వేరే మాట నాకు తోచనే లేదు.